నత్త మీద సిలువ

ఫెలిసితాస్ మేడమ్ రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిచి, గాలికి ఎగరకుండా ఒకదాని మీద నా కాఫీ కప్పూ, రెండోదాని మీద తన కళ్ళజోడూ పెట్టింది.

"మోగెంగన్నా, ఒక్క మాట అడుగుతాను. ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ నత్తలు ఎక్కడివి?" అంది.

"ఎక్కడివేమిటి మేడమ్? మా పగడపు దిబ్బవే," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె కాగితాల వైపు చూపించింది. ఒక్కో కాగితం మీదా కొండల వరుసలాంటి గీత ఉంది. ఎడమవైపు కాగితం ఈస్టరు పండక్కి ముందు మా ఊరు లిబావోన్ నుంచి సెబూ పట్టణంలో మేడమ్ పరీక్షశాలకి పంపిన నత్త విషానిది. కుడివైపుది పండగ తరువాతది. మొదటిదాంట్లో కొండలు ముందు భాగంలో గుంపుగా ఉన్నాయి. రెండోదాంట్లో ఆ చోటంతా మైదానం. కొండలన్నీ చివరికి పోయాయి. నేను ఆరో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా ఆ రెండూ ఒకటి కావని చెప్పడానికి చదువు అక్కర్లేదు.

"పెంకు ఒకటే, రంగు ఒకటే, రకం ఒకటే. విషమే వేరు," అంది మేడమ్. "ఒక్కో నత్తలో వంద రకాల పైన విషాలుంటాయన్నా. ఏ దిబ్బ మీది నత్త ఆ దిబ్బ మీది చేపల్ని బట్టి తన కలుపు తాను చేసుకుంటుంది. ఒక రోజులోనో ఒక ఏడాదిలోనో కాదు, వేల తరాలుగా. అందుకే నాకు మీ దిబ్బవే కావాలి. ఇవి చూస్తే వేరే చోటివేమో అనిపిస్తోంది."

గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

మా ఊరికి నత్తలు పట్టుకోడానికి అనుమతి ఇచ్చింది మా ఎదురుగా ఉన్న పగడపు దిబ్బ వరకే. ఆ కాగితం మీద ఊరి తరఫున సంతకం నాది. మా చిన్న చర్చిలో గంట కొట్టేదీ, ఫాదర్ రాని వారాల్లో ప్రార్థన చదివించేదీ నేనే కాబట్టి నా మాటకి విలువుంటుందని నా చేత పెట్టించారు. వేరే చోటి నత్తలు కలిపారని తేలితే ఊరి అనుమతి పోతుంది. తెచ్చినవాడి పడవని మళ్ళీ ఆ నీళ్ళలోకి రానివ్వరు. తెచ్చేవాడు ఒక్కడే. నా భార్య బసిలీసా తమ్ముడు, కిరినో. ఊరంతా కీరింగ్ అంటారు.

"నేను కనుక్కుంటాను మేడమ్. పది రోజులు గడువివ్వండి," అన్నాను.

"పది రోజుల తరువాత వస్తాను. అప్పటికీ తేలకపోతే అనుమతిచ్చిన ఆఫీసుకి ఉత్తరం రాయక తప్పదు," అని ఆమె కాగితాలు మడిచింది. కాఫీ కప్పు అడుగు మచ్చ మొదటి కొండ మీద గుండ్రంగా పడింది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. చిరిగిన వల ముక్కల్ని మూటగా కట్టి, తాడుకి బిగించి, దిబ్బ పక్కన లోతులో వదిలేస్తాం. నెలలు గడిచేకొద్దీ మూటకి నాచు పడుతుంది, చిన్న చిన్న పురుగులు చేరతాయి, వాటి కోసం నత్తలు వస్తాయి. కీరింగ్ వాటిని ఏరి తెస్తాడు. ఒడ్డున తాటాకు షెడ్డులో ఉప్పునీటి తొట్లుంటాయి. పట్టిన నత్తని తొట్లో వేసి, పలచని రబ్బరు మూత బిగించిన గాజు గొట్టం మూతి దగ్గర చిన్న చేప తోకని పట్టి చూపిస్తే, అది తొండం చాచి పొడుస్తుంది. పొడిచినప్పుడు గొట్టంలో ఒక చుక్క మిగులుతుంది. ఆ చుక్క సెబూ వెళుతుంది. అలాంటి ఒక నత్త విషం నుంచే ఎక్కడో నొప్పులకి మందు కూడా చేశారట. చంపేదాంట్లోనే నొప్పి తగ్గించేది పెట్టిన దేవుడి మనసు ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఫాదర్‌ని అడిగితే ఆయన నవ్వి, ముందు నువ్వు చేతికి తొడుగు వేసుకో అన్నారు.

ఈస్టరు దాకా చుక్క తీసే పని కూడా కీరింగ్‌దే. గొట్టాల మీద వాడి రాత ఎండ్రకాయ నడిచి వెళ్ళినట్టు ఉంటుందని మేడమ్ విసుక్కుని, ఆ పని నాకు అప్పజెప్పింది. నాకు ఇష్టం లేకపోయింది. మా అన్న అబుందియో పంతొమ్మిదేళ్ళప్పుడు అందంగా ఉందని ఒక నత్తని ఏరి నిక్కరు జేబులో వేసుకున్నాడు. ఒడ్డుకి ఈదుకుంటూ వచ్చాడు. పడవ పక్కన కూర్చుని, "పెదాలు తిమ్మిరిగా ఉన్నాయిరా" అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే. ఒంటి మీద ఎక్కడా గాయం కనిపించలేదు. ఊళ్ళో చాలాకాలం మా వదిన ఏదో పెట్టిందని అనుకున్నారు. తొడ మీద సూది మొన అంత ఎర్ర చుక్క ఉందని మా అమ్మ స్నానం చేయించేటప్పుడు చూసింది. అప్పటికే ఆ మాటలు వదిన పుట్టింటి దాకా వెళ్ళిపోయాయి. ఆమె మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ సంగతి తెలిసినవాణ్ణి నేను. అయినా మేడమ్ వెళ్ళిన దగ్గర్నుంచి కీరింగ్‌ని దొంగలా చూడడం మొదలుపెట్టాను.

చూడబోతే ఆనవాళ్ళన్నీ వాడి వైపే ఉన్నాయి. ఈస్టరు తరువాతే వాడు ఆదివారం మధ్యాహ్నాలు పడవ వేసుకుని పోవడం మొదలైంది. ఎటు అంటే, "ఊరికే" అంటాడు. తిరిగి వచ్చేసరికి తల దువ్వి, నూనె రాసి ఉంటుంది. వల తడవదు. పడవ అడుగున నల్ల ఇసుక. మా ఒడ్డంతా తెల్ల ఇసుకే. నల్ల ఇసుక ఉన్నది ఎదుటి దీవిలోనే. అక్కడి దిబ్బకి మాకు అనుమతి లేదు.

ఒకరోజు పొద్దున సముద్రం వెనక్కి తీసినప్పుడు మూటల తాళ్ళు చూసి వచ్చాను. మూటల ఆనవాలుకి నీళ్ళ మీద తేలేలా కట్టిన పన్నెండు బుర్రల్లో ఎనిమిదింటి తాళ్ళ మీద గుల్లలు గట్టిగా పట్టి ఉన్నాయి. పైకి లాగిన తాడైతే అవి రాలిపోవాలి. మూటలు లేపకుండానే నత్తలు వస్తున్నాయన్న మాట. మరి ఎక్కడ నుంచి?

అన్నం దగ్గర బసిలీసాకి చెప్పాను. ఆమె మొక్కజొన్న నూక కుండ దించి, గరిటెతో దాని మీద సిలువ గుర్తు వేసి, మూత పెట్టింది. మా ఇళ్ళలో ఏది మొదలుపెట్టినా అలా ఒక గుర్తు వేయాల్సిందే. అన్నం కుండకైనా, పడవ ముక్కుకైనా, పసిపిల్లల నుదుటికైనా.

"నా తమ్ముణ్ణి దొంగ అంటున్నావు," అంది.

"అనలేదు. అడుగుతున్నాను."

"నన్నెందుకు అడగడం? వాడు అదిగో, ఒడ్డున పడవకి రంగు వేస్తున్నాడు. నోరుంది, చెవులున్నాయి. గంట కొట్టడం వచ్చు, తాళ్ళు లెక్కపెట్టడం వచ్చు, మనిషిని మొహం మీద అడగడం మాత్రం నీకు రాదు."

"అడిగితే అబద్ధం చెప్తాడేమో."

"చెప్తే చెప్పనీ. నీకు ముందే నిజం తెలిసినట్టు మాట్లాడుతున్నావు."

నేను వాడిని అడగలేదు. ఇంకో పని చేశాను. మేడమ్ ఫోన్ చేసి ఏమైనా తెలిసిందా అన్నప్పుడు, "ఏమో మేడమ్, ఆదివారాలు వాడి పడవ ఎదుటి దీవికి పోతోంది, ఎందుకో నాకు తెలీదు" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఫోన్ పెట్టేశాక నోరు చేదుగా అనిపించింది. అవతల మేడమ్, "అయితే నేను వచ్చేదాకా అతని దగ్గర నత్తలు తీసుకోకండి" అంది.

మర్నాడు కీరింగ్ బకెట్టు తెస్తే, "ఇవాళ వద్దురా," అన్నాను.

"ఎందుకు బావా?"

"మేడమ్ వద్దంది."

"నాలుగు మంచివి దొరికాయి. చూడు, ఈ పెద్దది ఎలా మెడ చాస్తోందో. నీలాగే ప్రసంగానికి లేచినట్టు లేదూ?"

నేను నవ్వలేదు. వాడు నా మొహం చూసి, బకెట్టు ఎత్తుకుని వెళ్ళి, ఆ నాలుగింటినీ దిబ్బ మీద దొరికిన చోటే వదిలి వచ్చాడు. దొంగ అయితే అలా వదులుతాడా? ఆ ప్రశ్న నాకు అప్పుడే రావలసింది. రాలేదు. చూశావా, సాక్ష్యం లేకుండా చేస్తున్నాడు అనుకున్నాను. అనుమానం వచ్చాక మంచి పని కూడా నేరంలాగే కనిపిస్తుంది కాబోలు.

ఆదివారం వచ్చింది. ప్రార్థన అయ్యాక వాడు పడవ తోశాడు. నేను ఒడ్డునే కొబ్బరి దుంగ మీద కూర్చుని సాయంత్రం దాకా కదలలేదు. బసిలీసా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. పొద్దు వాలుతుండగా పడవ కనిపించింది. వాడు దిగీ దిగకముందే పడవ పట్టుకుని, అడుగు పలకలు ఎత్తాను.

"ఏం వెతుకుతున్నావు బావా?"

పలకల కింద గోనెసంచి ఉంది. లాగాను. లోపల ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బైబిలు, అంచులు నలిగిన పాటల పుస్తకం, ఒక డబ్బాలో సగం తిన్న బియ్యపు రొట్టె. అంతే. ఒక్క నత్త కాదు కదా, ఒక్క పెంకు ముక్క లేదు.

కీరింగ్ మొహం ఎర్రబడింది. ముందు పాటల పుస్తకాన్ని నా చేతిలోంచి తీసుకుని, తడి అంటలేదని చూసుకున్నాడు.

"మన చర్చి కాదని ఆ హల్లెలూయా సంఘం వాళ్ళ దగ్గరికి పోతున్నావా?" అన్నాను.

"పోతున్నాను. గిటారు వాయిస్తారు. బాగుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకా? గంట కొట్టేవాడికా? మా అక్కకి చెప్తే నువ్వు మూడు రోజులు అన్నం మానేస్తావంది."

"అంటే దానికి తెలుసా!"

"మొదటి ఆదివారం నుంచీ తెలుసు. నీకు తెలియకూడదని ఒట్టు వేయించుకున్నాను." అప్పుడు వాడికి ఏదో తట్టింది. సంచి కింద పెట్టాడు. "బావా, నువ్వు ఇంత సేపు కూర్చుంది దీని కోసం కాదు. దేని కోసం?"

చెప్పాను. కొండల కాగితాల సంగతీ, తాళ్ళ మీద గుల్లల సంగతీ, ఫోన్‌లో అన్న మాటా. ఆఖరిది చెప్పేటప్పుడు వాడి కళ్ళలోకి చూడలేకపోయాను.

"తాళ్ళా?" అన్నాడు. "తాడు లాగితే మూట చీలిపోతుంది బావా, నాచు రాలిపోతుంది, మళ్ళీ పట్టడానికి ఆర్నెల్లు. నేను మునిగి అక్కడే దులుపుతాను. అడిగితే చెప్పేవాణ్ణి కదా." కాసేపు ఇసుక తన్నాడు. "చెప్పేశావు. మేడమ్‌తో. నన్ను అడక్కుండా."

వదిన పుట్టింటికి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది.

"తప్పు నాది కాకపోతే మరి విషం ఎందుకు మారింది?" అన్నాడు వాడే చివరికి. "దిబ్బ అదే. నత్తలు అవే. పట్టేది నేనే. ఈస్టరు తరువాత మారిందొక్కటే. చుక్క తీసే చెయ్యి."

"నేనేం చేశాను?"

"నాకేం తెలుసు? ఎలా తీస్తావో చూపించు."

షెడ్డులోకి వెళ్ళాం. ఇంకా వెలుతురుంది. తొట్లో నాలుగు పాతవి మిగిలి ఉన్నాయి. చేతి తొడుగు వేసుకుని, వెదురు పుల్ల తీసుకున్నాను. ముందు ఎప్పటిలాగే పుల్ల కొనతో పెంకు మీద తడుతూ సిలువ గుర్తు వేశాను. పైన ఒకటి, కింద ఒకటి, ఎడమ, కుడి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేరున మూడుసార్లు. అన్న మీద ఒట్టు, అది లేకుండా ఆ ప్రాణిని ఒక్కసారి కూడా ముట్టలేదు నేను.

"ఆగు ఆగు," అన్నాడు కీరింగ్. "ఇదేమిటి?"

"ఏముంది? గుర్తు."

"ప్రతి దానికీనా?"

"ప్రతి దానికీ. మూడేసిసార్లు."

"బావా, చూడు దాన్ని!"

చూశాను. ఎన్నోసార్లు చూసినదే, కానీ ఇంతవరకు చూడని విధంగా చూశాను. నత్త లోపలికి ముడుచుకుపోయింది. కాసేపటికి తొండం బయటికి వచ్చింది. చేప వైపు కాదు, పుల్ల వైపు. నీళ్ళలో అటూ ఇటూ వెతుకుతోంది, తనని కొట్టినవాడు ఎక్కడా అన్నట్టు. అప్పుడు గొట్టం అడ్డు పెడితే కసిగా పొడిచింది. పాలలాంటి చుక్క పడింది.

"నేను చేప తోక ఊపి ఊరుకునేవాణ్ణి," అన్నాడు కీరింగ్. "అది ఆకలేసి వచ్చేది. నువ్వేమో తాగొచ్చిన పోలీసులా తలుపు మీద పన్నెండు దెబ్బలు కొట్టి, అప్పుడు విందు పెడతానంటున్నావు."

రెండోదానికి వాడు తోక పట్టాడు. పుల్ల తాకలేదు. అది నెమ్మదిగా, ఎవరూ లేనట్టు, నోరు గరాటులా విప్పుకుంటూ వచ్చింది. ఆ చుక్క కొంచెం పలచగా ఉన్నట్టు నాకు అనిపించింది. నా కళ్ళు అలా కోరుకున్నాయేమో కూడా. రెండు గొట్టాల మీదా నా మంచి రాతతో రాసి మంచుపెట్టెలో పెట్టాను.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఎన్నేళ్ళుగానో చెప్పుకుంటున్న ప్రార్థన చెప్పుకుంటూ మధ్యలో ఆగిపోయాను. దీవెన అనుకుని చేసినది ఆ ప్రాణికి దెబ్బలా తగిలింది. అలాంటివి ఇంకెన్ని చేశానో?

పదో రోజు మేడమ్ వచ్చింది. బల్ల మీద చేతిసంచీ పెట్టకముందే కీరింగ్‌ని పిలిచి నా పక్కన నిలబెట్టుకున్నాను.

"ముందు నేను చెప్తాను మేడమ్. తప్పు నాది. వీడి మీద నేను ఫోన్‌లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నత్తలన్నీ మా దిబ్బవే. వీడు ఆదివారాలు వెళ్ళేది ప్రార్థనకి."

"ఏ ప్రార్థన?" అంది మేడమ్.

"హల్లెలూయా," అన్నాడు కీరింగ్ నేల చూస్తూ.

సిలువ సంగతి చెప్పాను. పుల్ల తెచ్చి, తొట్టి మీద గాలిలో ఎలా కొడతానో చూపించాను. మేడమ్ నోరు తెరుచుకుని చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకుంది.

"అన్నా, కొన్ని నత్తల్లో రెండు రకాల విషాలు విడివిడిగా ఉంటాయి. ఒకటి తినడానికి. ఇంకోటి తనని తినడానికి వచ్చేవాడి మీద. చాలాకాలం కిందట వాటి ముత్తాతలకి మొదట వచ్చింది బెదిరించే విషమేననీ, తరువాత దానిలోంచే వేట విషం పుట్టిందనీ అనేవాళ్ళున్నారు. నేను అదంతా చదివినదాన్ని. చదివి కూడా ఇది నాకు తట్టలేదు. దిబ్బ మారిందనుకున్నాను. మనిషి అబద్ధమాడాడనుకున్నాను." తల ఎత్తి కీరింగ్ వైపు చూసింది. "నన్ను క్షమించు తమ్ముడూ. ఉత్తరం రాసి పెట్టాను కానీ పంపలేదు." సంచీలోంచి ఒక కవరు తీసి నాలుగు ముక్కలు చేసి తన సంచీలోనే వేసుకుంది.

కీరింగ్ బకెట్టు మళ్ళీ తెచ్చి తొట్టి పక్కన పెట్టాడు.

"అయితే అనుకుంటే సరిపోదు. తేల్చుకోవాలి," అంది మేడమ్. ఇప్పుడు ఆమె గొంతులో హుషారు వచ్చేసింది. "ఇరవై నత్తలు. ఉన్నవాటితో మొదలుపెడదాం, మిగతావి పట్టి తేవచ్చు. పదింటికి మీ సిలువ, ఎప్పటిలాగే, మూడుసార్లు. పదింటికి లేదు. కాగితాలు వాటంతటవే చెప్తాయి."

నేను తొట్టి వైపు చూశాను.

"ఏ పదింటికి వద్దు మేడమ్?" అన్నాను.

"ఏవైనా సరే అన్నా."

ఆమెకి ఏవైనా ఒకటే. నాకు కాదు. సిలువ లేకుండా ఒకదాన్ని ముట్టడమంటే అబుందియో జేబులో చెయ్యి పెట్టినట్టే. పుల్ల తొట్టి అంచు మీద పెట్టేశాను. కీరింగ్ అది చూశాడు.

"గుర్తు లేని పదీ నేను పడతాను బావా. ముందు పట్టేవాణ్ణేగా."

"నీకేమైనా అయితే?"

"అయితే అక్క చేతిలో చస్తావు," అని బసిలీసా వెనక నుంచి అంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. తమ్ముణ్ణి తిడుతోందో, నన్ను బెదిరిస్తోందో ఆమెకే తెలియాలి.

కీరింగ్ చేతికి తొడుగు ఎక్కించుకున్నాడు. నేను ఉండబట్టలేక వాడి దగ్గరికి వెళ్ళాను.

"మీ సంఘంలో ఇది తప్పా?" అని నా బొటనవేలు చూపించాను.

"తప్పే అనుకుంటా," అన్నాడు. తలుపు వైపు ఒకసారి చూసి, తల వంచాడు. "కానిచ్చెయ్ బావా. త్వరగా."

వాడి నుదుటి మీద గుర్తు వేశాను. ఒక్కసారే. మెల్లగా. వాడు కదలలేదు.

మేడమ్ పుస్తకం తెరిచి కలం పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. "మోగెంగన్నా," అంది మొహమాటపడుతూ, "ఇప్పుడు వేసినది నేను దేని కింద రాసుకోవాలి?"

"బామ్మర్ది కింద రాయండి," అన్నాడు కీరింగ్, అప్పటికే తొట్లోకి వంగి మొదటి నత్తకి చేప తోక చూపిస్తూ. "ఒక్కటి. దెబ్బ తగల్లేదు."